మన ఇంటి నిల్వలెక్క

(ఉగాది సందర్భమున జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



“మన జీవితములోని మంచిని గుర్తించుట” అను విషయముపై మాటలాడవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఈ మాట విని మిత్రులొకరు, “ఇది మఠములోని స్వాములవారు చెప్పవలసిన విషయము గదా, పప్పులు అమ్ముకొనువారి కేల?” అని నవ్విరి. మా తలంపు వేరు. వ్యాపారికి ఇంతకంటె బాగుగా తెలిసిన విషయము మరియొకటి లేదు. ప్రతి సంవత్సరము మేము చేయు పనియే యిది. దానిని మేము నిల్వలెక్క అందుము.

నిల్వలెక్క యనగా నేమో తెలియనివారు ఈ సభలో కొందరుండవచ్చును గనుక చెప్పుచున్నాము. సంవత్సరాంతమున రెండు దినములు కొట్టు మూసి గిడ్డంగిలోని సరకును లెక్కించుదుము. మనకు రావలసిన బాకీలును, మనము తీర్పవలసిన బాకీలును పుస్తకములోనే యుండును. పూర్వము చిట్టా ఆవర్జాలలో నుండెడివి, నేడు కంప్యూటరులో నున్నవి. ఎచ్చటనున్నను కూర్చున్నచోటనే చదివి తెలిసికొనవచ్చును. నిల్వసరకు సంగతి అట్లు కాదు. లేచి లోపలికి పోవలెను. దీపము వేయవలెను. ముందువరుస బస్తాలను జరిపి వెనుకవరుస చూడవలెను. బస్తా మూతి విప్పి చేయిపెట్టి, తేమ తగిలినదో, పురుగు పట్టినదో, సరకు సరకుగానే యున్నదో పరీక్షింపవలెను. ఇట్లు చూచునపుడు మరచిపోయిన బస్తా లొకటి రెండు ప్రతి సంవత్సరము బయటపడును. అవి అదివరకు లేకపోలేదు. లెక్కలోనికి రాలేదు, అంతే.

మన సంఘపు సమావేశములను మేము చాలకాలముగా చూచుచున్నాము. ఇచ్చట చదువబడునది ఎల్లప్పుడును బాకీలపట్టికయే. బడులలో తెలుగు ఉపాధ్యాయులు పదవీవిరమణ చేసిన పిమ్మట ఆ స్థానములు నిండుట లేదనుట నిజము. 2006వ సంవత్సరమున వచ్చిన తమిళ అభ్యసన చట్టమువలన పదవ తరగతివరకు తమిళము తప్పనిసరి యైనదనుటయు, భాషాల్పసంఖ్యాక విద్యార్థులు మినహాయింపుకొరకు న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చినదనుటయు నిజమే. మన పిల్లలు పేర్లను తెలుగున వ్రాయలేరనుట అంతకంటె నిజము. ఈ బాకీలను వసూలు చేయవలదని మేము అనుట లేదు. కాని సంవత్సరము వెంబడి సంవత్సరము ఈ పట్టికనే చదివి, నిట్టూర్చి, కాఫీ త్రాగి యిండ్లకు పోవుచున్నాము గాని, గిడ్డంగి తలుపు తీసి లోపలికి పోయినవారు లేరు.

దీనికి కారణము మనుష్య స్వభావమున నున్నది. మా కొట్టున మినపపప్పు కొనినవారిలో నూటికి తొంబదిమంది పప్పు బాగున్నదని ఏనాడును చెప్పరు. మరల వచ్చి కొనుటయే వారి మెప్పు. పంటికి ఒక్క రాయి తగిలినవాడు మాత్రము అంగడివీధి యంతయు వినునట్లు చెప్పును. మంచిది మౌనముగా నుండును, లోపము కేకలు వేయును. ఈ స్వభావమును మార్చుట మా తరము కాదు. కాని సంవత్సరమున రెండు దినములైనను కేకలు వినుట మాని బస్తాలు లెక్కించు కట్టుబాటు వ్యాపారికి కలదు, సంఘమునకు లేదు.

అసలు విషయమునకు వచ్చెదము. గత మాసమున కార్యవర్గ సమావేశమున వార్షిక నివేదిక చదువబడినది. అందు ఒక వాక్యము: “మన ఆదివారపు తెలుగు తరగతికి ఈ సంవత్సరము కేవలము 17 మంది పిల్లలు మాత్రమే వచ్చిరి.” ఒక్క వాక్యములో ‘కేవలము’ అనియు, ‘మాత్రమే’ అనియు రెండును పడినవి. రెండుచేతులతో ఒక్క తలపై మొట్టినట్లున్నది. వెంటనే సభ్యులొకరు, ఇంత కొద్దిమందికొరకు హాలును ఆదివారము తెఱచియుంచుటకంటె, ఆ పూట అద్దెకిచ్చినచో సంఘమునకు రాబడి వచ్చుననిరి. అది తప్పు మాట యని మేము అనము. సంఘపు కరెంటు బిల్లు ఎంతయో మాకును తెలియును. ఆ తీర్మానమే నేడు మీ ముందునకు రానున్నది. అందుచేతనే ఈ ప్రసంగము.

ఆ 17 మంది ఎవరో నివేదికలో లేదు. మేము హాజరుపట్టీ తెప్పించి చూచితిమి. ఆరు ఊళ్ళ పిల్లలు. ఇద్దరు అన్నదమ్ములు తండ్రి మోపెడు వెనుక కూర్చుండి వచ్చుచున్నారు. తరగతి ముగియువరకు తండ్రి బయట వేపచెట్టుక్రింద కునుకు తీయుచుండును. ఒక బాలిక అక్షరములు నేర్చిన నాలుగవ మాసమున తన అవ్వ పేరును తెలుగున వ్రాసి యింటికి తీసికొనిపోయినది. ఆ అవ్వకు చదువు రాదు. అది తన పేరని మనుమరాలు చెప్పినదే ఆమెకు ప్రమాణము. ఆ కాగితము ఇప్పుడు దేవుని పటము వెనుక నున్నది. ఆ కుటుంబమున ఎన్ని తరములుగానో తెలుగు మాటలాడుచున్నారు. తెలుగు వ్రాత ఆ యింటిలోనికి వచ్చుట ఇదియే మొదటిసారి యని వారే చెప్పిరి. మూడు సంవత్సరముల క్రిందట ఈ తరగతి లేదు. అప్పటి సంఖ్య సున్న. సున్ననుండి పదునేడునకు వచ్చిన సరకును ‘కేవలము’ అని వ్రాయు గుమాస్తాను ఏ యజమానియు కొట్టున నుంచుకొనడు. (కార్యదర్శిగారు మా మిత్రులు, వారు కోపగింపరని యెఱిగియే చెప్పుచున్నాము.)

కాబట్టి నేడు మీ అనుమతితో తలుపు తీసి కొన్ని బస్తాలు విప్పి చూచెదము. అన్నిటిని చూచుటకు సమయము చాలదు.

మొదటిది మన నోటిలోని భాష. మన పూర్వులు ఈ నల్లరేగడి సీమకు, తమిళులు కరిసల్ అని పిలుచు ఈ నేలకు, విజయనగర కాలమునను, మధుర నాయకుల కాలమునను, ఆ పిమ్మటను, పలు తడవలుగా, పలు కారణములచేత వచ్చిరి. 1565లో తళ్ళికోట యుద్ధమునకు ముందు వచ్చినవారును కలరు, వెనుక వచ్చినవారును కలరు. కత్తి పట్టి వచ్చినవారు కొందరు, కాడి పట్టి వచ్చినవారు పెక్కురు. నాటినుండి నేటివరకు ఈ కోవిల్‌పట్టి, ఎట్టయపురము, సాత్తూరు, విరుదునగరము ప్రాంతములలో బడి తమిళము, అంగడి తమిళము, పత్రిక తమిళము, కచ్చేరి తమిళము. మనకు రాజు లేడు, బడి లేదు, పుస్తకము లేదు. ఐనను మన యింటి పసిబిడ్డకు దప్పిక యైనపుడు ‘నీళ్ళు’ అని యడుగును గాని ‘తణ్ణి’ అని యడుగదు. ఇది యెట్లు జరిగినది? ఏ సంఘము నిలిపినది? ఏ తీర్మానము నిలిపినది?

నిలిపినవారు మన తల్లులు, అవ్వలు. పురుషులు పగలంతయు పొలమునను అంగడిలోను తమిళమున వ్యవహరించి యింటికి వచ్చినపుడు, గడపలోపల తెలుగు ఉడికిన అన్నమువలె సిద్ధముగా నుండెను. కోడండ్రను తెలుగిండ్లనుండియే తెచ్చుకొను ఆచారము దీనికి తోడైనది. ఆ ఆచారములోని మంచిచెడ్డలను మేమిప్పుడు విమర్శింపము, ఫలితమును చెప్పుచున్నాము. మన సంఘము ప్రతి సంవత్సరము శాలువలు కప్పుచున్నది. విరాళ మిచ్చినవారికి కప్పుచున్నది, ఎన్నికలలో గెలిచినవారికి కప్పుచున్నది, అతిథిగా వచ్చిన అధికారులకు కప్పుచున్నది. జోలపాట లెఱిగిన అవ్వకు కప్పిన శాలువ ఒక్కటియైనను మేము చూడలేదు. శాలువ మాట యటుంచుడు. ఆమె పాటను మన చేతిలోని సెల్‌ఫోనున పట్టియుంచుటకు శాలువ ఖరీదుకూడ కాదు గదా!

మన తెలుగు శుద్ధమైన తెలుగు కాదనియు, తమిళము కలిసిన తెలుగనియు, గుంటూరువారు, విజయవాడవారు వినిన నవ్వుదురనియు సిగ్గుపడువారు మనలో కలరు. పెండ్లి సంబంధములకై అటు పోయి వచ్చిన యువకులు ఈ సిగ్గును వెంట తెచ్చుచున్నారు. వారికి మేము చెప్పునది యిది. విజయవాడలో తెలుగు మాటలాడుటకు పూనిక అక్కరలేదు, వీధి మాటలాడించును. వీధి యంతయు వేరొక భాషయైనపుడు, నాలుగైదువందల యేండ్లు ఇంటిలోపల ఒక భాషను ఆరకుండ కాపాడుటకు పూనిక కావలెను. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా వ్రాయించుకొనినవారు 42 లక్షలకు పైబడి యున్నారు. ఈ రాష్ట్రమున తమిళము తరువాతి సంఖ్య మనదే. ఆ లెక్కకుడు తలుపు తట్టినపుడు వెనుకాడక తెలుగని చెప్పిన ప్రతి యింటికిని ఇందు భాగము కలదు.

రెండవ బస్తా మన యింటిది కాదు, పొరుగువారిది. కాని మన గిడ్డంగిలోనే యున్నది.

ఇడైసెవల్ అను పల్లె కోవిల్‌పట్టికి చేరువనే యున్నది. ఆ పల్లెలో పుట్టినవారు కీ. రాజనారాయణన్ గారు. తమిళ పాఠకులు ప్రేమతో ‘కీ.రా.’ అందురు. తెలుగింటి బిడ్డ. బడిచదువు కొద్దిపాటిదే, వృత్తి వ్యవసాయము. ఉత్తరమునుండి కష్టములకోర్చి నడచివచ్చి, ఈ నల్లమట్టిలో కంపలు కొట్టి, ఊరు కట్టి, ప్రత్తి జొన్నలు పండించిన తెలుగు కుటుంబముల కథను ‘గోపల్ల గ్రామము’ అను నవలగా తమిళమున 1976లో వెలువరించిరి. దాని తరువాయియగు ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2021లో వారు గతించినపుడు తమిళనాడు ప్రభుత్వము ప్రభుత్వ లాంఛనములతో వారికి వీడ్కోలు చెప్పినది.

దీనిని మన సంఘములో ఒకరు ప్రస్తావించినపుడు, “తెలుగువాడై యుండి తమిళమున వ్రాసెనే!” అను విచారము వినబడినది. చూచితిరా, మరల ‘కేవలము’! మేము మరియొక వైపునుండి చూడుమని కోరుచున్నాము. మన అవ్వల కథను, మన వలసను, మన యింటి పలుకుబడిని ఒక రైతు వ్రాయగా, తమిళ పాఠకలోకము తమ సొంతకథవలె చదివి నెత్తిన పెట్టుకొనినది. మనలను పరాయివారని తలచిన సమాజము చేయు పని యిది కాదు. ఈ నేల మనకు అన్నము పెట్టినది. ఐప్పశి కార్తీకముల వాన సకాలమున పడిననాడు తమిళుని చేనును మన చేనును అనక తడిపినది. మా కొట్టునకు వచ్చు మినుములు, పెసలు పండించువారిలో ఎవరి యింటిభాష యేదో కాటాకు తెలియదు. వ్యాపారములో మాకు కష్టము వచ్చిననాడు పూచీ పడినవారు పొరుగు కొట్టు తమిళులే. ఇది లెక్కలో వ్రాయవలసిన సరకే.

మూడవది వెనుకవరుస బస్తా. దీనిని చాలమంది ఎఱుగరు. అందుచేత కొంచెము నిలిచి చూచెదము.

శ్రీవిల్లిపుత్తూరు మనకు ఎంత దూరము? ఉదయము బస్సెక్కినచో దర్శనము చేసికొని మధ్యాహ్నమునకు తిరిగి రావచ్చును. మన కుటుంబములవారు పోవుచునే యున్నారు. ఆండాళ్ అమ్మవారిని సేవించి, పాలకోవ కొని, వచ్చుచున్నారు. (పాలకోవకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది; వ్యాపారిగా మాకు సంతోషమే.) కాని విజయనగర చక్రవర్తియగు శ్రీకృష్ణదేవరాయలు, 1509 మొదలు 1529 వరకు పాలించిన ఆ మహారాజు, తెలుగున వ్రాసిన మహాకావ్యమగు ‘ఆముక్తమాల్యద’ ఈ ఊరి కథయే యని మనలో ఎందరికి తెలియును? కావ్యము మొదలగుట ఈ విల్లిపుత్తూరి వర్ణనతోడనే. ఈ ఊరి తులసీవనమున దొరకిన గోదాదేవి, ఆమెను పెంచిన విష్ణుచిత్తుడు, ఆమె ముడిచి విడిచిన దండ, ఇదియే దాని వస్తువు. తమిళమున పాశురములు పాడిన కన్యను గూర్చి, కన్నడ సీమలో రాజధాని గల రాజు, కృష్ణాతీరపు శ్రీకాకుళములోని ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగున వ్రాయుమని ఆజ్ఞాపించెనని చెప్పి, తెలుగున కావ్యము చెప్పెను. తెలుగు నేలమీద నున్న బడులలో పిల్లలు దానిని పాఠముగా చదువుచు, విల్లిపుత్తూరు ఎట్లుండునో యని ఊహించుకొనుచున్నారు. మనము దాని గాలిగోపురపు నీడలో నిలిచి పాలకోవ తినుచున్నాము.

అంతకంటె చేరువనున్నది ఎట్టయపురము. మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882లో జన్మించిన ఊరుగా లోకము దాని నెఱుగును, ఎఱుగవలసినదే. అదే యూర ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించిరి. వారి సమాధి యచ్చటనే కలదు. వారి వంశమువారగు సుబ్బరామ దీక్షితులు ఎట్టయపుర సంస్థాన విద్వాంసులుగా నుండిరి. ఈ గొప్ప సంగీతసంపద పుస్తకరూపమున రాక నశించిపోవునని చిన్నస్వామి మొదలియారు గారు ఆవేదన చెంది, దీక్షితులవారిని పట్టుబట్టి యడిగిరి. సంస్థానాధిపతి యండ లభించినది. 1904లో ఎట్టయపురముననే, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయినది. వేంకటమఖి చెప్పిన 72 మేళముల క్రమమున రాగముల లక్షణములను, ముత్తుస్వామి దీక్షితులవారి కృతులను, మరి యెందరో వాగ్గేయకారుల రచనలను స్వరములతోగూడ నిక్షేపించిన గ్రంథమది. కర్ణాటక సంగీతమున లోతుగా పరిశోధన చేయువారెవ్వరును దానిని దాటిపోలేరు. ఆ మూలగ్రంథము ఏ భాషలో నున్నది? తెలుగున. ఏ లిపిలో నున్నది? తెలుగు లిపిలో.

మేము ఈ సంగతి మొదట వినినపుడు మా మనస్సునకు తోచినది సంగీతము కాదు, అచ్చుపని. మాకు సంగీతజ్ఞానము శూన్యము. కాని సరకు కదలికను గూర్చి కొంత తెలియును. ఆలోచింపుడు: ఈ నల్లరేగడి నేల నడుమ, ఎట్టయపురమున, ఆ కాలమున, తెలుగు అక్షరముల దిమ్మలను తెప్పించిరి. వానిని ఒక్కొక్కటిగా కూర్చువారు, చిత్తుప్రతులు దిద్దువారు ఆ యూర కూర్చుండి పనిచేసిరి. గమకములను తెలుపుటకు అక్షరములపై గుర్తులు వేయవలసిన ఆ అచ్చుపని సామాన్యమైనది కాదు. నేడు ఎట్టయపురమున ఆ పుస్తకమును చేతికిచ్చినచో మొదటి పుట చదువగలవారు ఎందరు దొరకుదురు? మద్రాసు సంగీత విద్వత్సభవారు దానిని తమిళమున ప్రకటించి యుపకారము చేసిరి. తమిళమెఱిగిన సంగీతజ్ఞులు అట్లు చదువుకొనుచున్నారు. మూలమును మూలముగా చదువగల శక్తి మాత్రము మన ఆదివారపు తరగతిలోని 17 మందికి రానున్నది. మన హాలులో నాలుగవ బల్లవద్ద కూర్చుండి ‘క’ గుణింతము దిద్దుచున్న బాలిక, మరికొన్ని యేండ్లకు, తన యూరికి చేరువ ఊరిలో అచ్చైన పుస్తకమును, దాని సొంత లిపిలో చదువగలదు. ఈ సరకు విలువను అద్దె రాబడితో పోల్చి చూచుకొనుడు.

త్యాగరాజస్వామివారిని గూర్చి ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. తిరువయ్యారున ప్రతి పుష్య బహుళ పంచమినాడు, తెలుగు మాటలాడుట రాని వందలమంది విద్వాంసులు ఒక్కగొంతుకతో తెలుగు పాడుచున్నారు. మన సంతానము దూరదర్శనమున దానిని చూచి ఛానలు మార్చుచున్నది. అంతే చెప్పి విడుచుచున్నాము.

నాలుగవ బస్తాను విప్పుటకు కొందరికి ఇష్టము లేకపోవచ్చును. ఐనను లెక్క లెక్కయే.

‘మనవారు’ అని మనము అనునపుడు మన మనస్సున ఎవరు మెదలుచున్నారు? భూమి గలవారు, కొట్టు గలవారు, మిల్లు గలవారు. ఊరి చివర నివసించుచు, తోలుపని, చెత్త ఎత్తుపని, కూలిపని చేయుచు వచ్చిన అరుంధతీయులలో పెక్కురి యింటిభాష తెలుగని మనకు తెలియును. మనము తెలుగున పిలిచితిమి, వారు తెలుగున బదులు చెప్పిరి, పని జరిగినది. సంఘపు సభ్యత్వ పుస్తకమున మాత్రము వారి పేర్లు వెదకవలసి యున్నది. మన భాషను వందలయేండ్లు కాపాడితిమని గర్వించునపుడు, మనకంటె తక్కువ అన్నము తిని, మనకంటె ఎక్కువ అవమానము పడి, అదే భాషను కాపాడినవారిని లెక్కలోనుండి వదలుట తూనికలో మోసము. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల కేటాయింపులో వారికి 3 శాతము ప్రత్యేకించినది. అట్టి ఉపవర్గీకరణ చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము 2024 ఆగస్టులో తీర్పు చెప్పినది. వారి పిల్లలు ఇప్పుడు కళాశాలలకు పోవుచున్నారు. మన ఆదివారపు తరగతిలోని 17 మందిలో ఐదుగురు ఆ వీధి పిల్లలే. హాజరుపట్టీలో ఒక్కదినమును తప్పని పేర్లలో మూడు వారివే. ఇది మన సంఘమునకు దొరకిన భాగ్యమని మేము తలంచుచున్నాము. తలంపనివారు కూడ కూడికలో 17 అని వ్రాయునపుడు వారిని కలుపుకొనియే వ్రాయుచున్నారు గదా!

ఇక ఒక ఆక్షేపణ. దీనిని మా పెద్దన్నవంటి సభ్యులొకరు నిన్న కొట్టునకు వచ్చి మరీ చెప్పిరి. “నాయనా, మనకు ఇది యున్నది, అది యున్నదని సంతోషముగా చెప్పుకొనుచు కూర్చుండిన, ప్రభుత్వమువారు వీరికేమియు తక్కువ లేదని తలంపరా? ఏడ్వని బిడ్డకు పాలెవరిత్తురు?” అని.

పెద్దలమాట. కాని ఆలోచింపవలసిన మాట. ఏడ్చుటకును అడుగుటకును భేదము కలదు. విరుదునగరపు బజారున మేము నేర్చినది, తన గిడ్డంగిలో ఎన్ని బస్తాలున్నవో తెలియనివాడు బేరమాడలేడనునది. ధర పెరిగినను తగ్గినను వానికి దిగులే. సరకు తెలిసినవాడే నిలిచి మాటలాడును.

రాజ్యాంగమున 350-ఏ అను అధికరణము కలదు. 1956లో ఏడవ సవరణచే చేర్పబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య గరపుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని దాని తాత్పర్యము. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశమున ఒక లెక్క కుదిరినది. బడి మొత్తమున ఆ భాష పిల్లలు 40 మందికి తగ్గకుండ నున్నను, ఒక తరగతిలో 10 మందికి తగ్గకుండ నున్నను, ఆ భాష బోధించుటకు ఒక ఉపాధ్యాయునైనను నియమింపవలెననునదియే ఆ లెక్క. ఇది యెంత అమలైనది, ఎచ్చట నిలిచిపోయినది యనునది వేరు చర్చ. నేటి చట్టముల నడుమ దీనినుండి ఎంత రాబట్టవచ్చునో న్యాయవాదులు చెప్పవలెను. మేము చూచునది ఒక్కటే: ఆ నియమమున నున్నది కన్నీరు కాదు, సంఖ్య. నలుబది. పది. మన దరఖాస్తులలో “మాకు అన్యాయము జరుగుచున్నది” అని నాలుగు పుటలున్నవి. ఏ బడిలో, ఏ తరగతిలో, ఎందరు తెలుగింటి పిల్లలున్నారో ఒక్క వరుస లేదు. అధికారి మొదట అడుగునది అదే. అప్పుడు మనము ఒకరి మొగము నొకరము చూచుకొందుము.

17 మంది ఒక్క బడివారు కారు, ఒక్క తరగతివారు కారు, నిజమే. కాని వారిలో ఒక్కొక్కరిని, మీ తరగతిలో తెలుగు మాటలాడు పిల్లలు ఇంకెందరని మేము అడిగితిమి. పిల్లలు వ్రేళ్ళపై లెక్కించి చెప్పిరి. ఒక బడిలో ఐదవ తరగతిలో మాత్రమే పదకొండుగురు తేలిరి. ఈ లెక్క మన సంఘమునకు ఇన్ని యేండ్లలో దొరకలేదు. పదియేండ్ల పిల్లవాడు అరనిమిషమున చెప్పెను. తరగతి మూసివేసినచో ఈ లెక్క చెప్పువారును ఉండరు.

ఉన్నదానిని మెచ్చుకొనుట యనగా ఉన్నదానితో సరిపెట్టుకొనుట యని కొందరి భ్రమ. పాడియావును మెచ్చుకొనువాడు దానికి మేత వేయును, నీరు పెట్టును, కొట్టము కప్పించును. మెచ్చుకొననివాడే సంతకు తోలును.

మా ప్రతిపాదనలు రెండే. మొదటిది: హాలును ఆదివారము ఉదయము పది గంటల మొదలు పండ్రెండు గంటలవరకు తరగతికే యుంచవలెను. ఆ రెండు గంటలు పోను మిగిలిన పూటను అద్దెకిచ్చుటకు అభ్యంతరము లేదు. ఈ సంవత్సరము ఆ రెండు గంటల కరెంటు ఖర్చును మా కొట్టు భరించును. దీనిని పద్దులో వ్రాసికొనవలసినది. రెండవది: ఇంటింటి నిల్వలెక్క. దానికొరకు ఒక చిన్న పత్రము అచ్చువేయించి తెచ్చితిమి. అందు ఐదు ప్రశ్నలు. ఇంటిలో తెలుగు మాటలాడువారు ఎందరు, చదువగలవారు ఎందరు, పిల్లలు ఏ బడిలో ఏ తరగతిలో నున్నారు, ఇంటిలో పాటలు కథలు తెలిసిన పెద్దలు ఎవరు, పాత తాళపత్రములుగాని, పుస్తకములుగాని, తెలుగున వ్రాసిన దస్తావేజులుగాని పెట్టెలలో ఏమైన కలవా. తమకు తెలియని ప్రశ్నకు ఇంటికి పోయి అవ్వనడిగి వ్రాసి తెచ్చినను సరే, ఉగాది వెళ్ళిన రెండవ ఆదివారమువరకు పుచ్చుకొందుము. లెక్క యంతయు కూడిన పిమ్మట ఈ పత్రికలోనే ఊరివారీగా ప్రకటింతుము, ‘కేవలము’ అను మాట లేకుండ.

పత్రములు ద్వారమువద్ద బల్లమీద నున్నవి. తెలుగున వ్రాయుట రానివారు తమిళముననే నింపవచ్చును. పెన్నులు కార్యదర్శిగారివద్ద కలవు.